సారు డబుల్ అన్నాక

ఇశ్రాయేలు కొలిమి మనిషి. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో కరిగిన ఉక్కును అచ్చుల్లోకి పోసే చోట పనిచేసేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి. వేడికి మాడి మాడి కనుబొమలు సగమే మిగిలాయి. బ్రిడ్జి అంటే దొరల క్లబ్బులూ తెల్లచొక్కాలూ గుర్తొచ్చేవాళ్ళకు, ఇతను మంచి బ్రిడ్జి ఆటగాడంటే నమ్మబుద్ధి కాదు. అయితే ఆ ఆట మనిషిని ఎక్కడ పట్టుకుంటుందో చెప్పలేం. నన్ను నాగపూర్ స్టేషన్‌లో పట్టుకుంది. రైలు పదకొండు గంటలు ఆలస్యం, వెయిటింగు రూములో ముగ్గురు ఆడుతున్నారు, నాలుగో మనిషి కావాలి. ఇశ్రాయేలుదీ దాదాపు అంతే. ఫ్యాక్టరీ రిక్రియేషన్ క్లబ్బులో టీ గ్లాసు పట్టుకుని ఆఫీసర్ల వెనక నిలబడి ఆట చూసేవాడు. ఒక మధ్యాహ్నం ఒకాయన రాలేదు, కూర్చోమన్నారు. ఏడాది తిరక్కుండా ఫ్యాక్టరీ జట్టులో డిప్యూటీ మేనేజర్ బాబురావుకు ఎదుటి కుర్చీ, అంటే జతగాడి కుర్చీ, అతనిదైంది.

1983 నాటికి నా కాళ్ళు తిరిగి తిరిగి అరిగిపోయి, సైదాబాద్‌లో ఒక అద్దె గదిలో ఆగిపోయాను. ఆట తెలిసిన ముసలివాడు ఊరికే ఉన్నాడని ఆ జట్టుకు స్కోరు రాసే పని నాకు అంటగట్టారు.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక పట్టు. ఆటకు ముందు వేలంపాట ఉంటుంది. నాలుగు ఇస్పేట్లు అని పాడితే, ఇస్పేటు మిగతా రంగుల్ని కొట్టే తురుపుగా, పదమూడు పట్లలో ఆరు మీద నాలుగు, అంటే పది గెలుస్తామని మాట ఇచ్చినట్టు. గెలవలేరనుకుంటే ఎదుటివాళ్ళు డబుల్ అంటారు. అప్పుడు గెలిస్తే పాడినవాళ్ళకు లాభం పెద్దది, ఓడితే దెబ్బ పెద్దది. మన జతగాడు డబుల్ అన్నా నచ్చకపోతే దాన్ని తీసేసి మన పాట మనం పైకి పాడుకోవచ్చు. జట్ల మేచ్‌లో ఇంకో సంగతి ఉంది. అవే ముక్కలు పక్క గదిలో రెండో టేబుల్ మీద ఆడతారు. అక్కడ మనవాళ్ళు ఎదుటివాళ్ళ ముక్కలతో, ఎదుటివాళ్ళు మన ముక్కలతో కూర్చుంటారు. చివర్లో రెండూ పోల్చి చూస్తే ఎవరు బుర్ర వాడారో తేలిపోతుంది. నేను నలభై ఏళ్ళు ఊళ్ళు మారాను. ఆ మలుపుల్లో ఇంకొకడైతే ఏం చేసేవాడో చూపించే పక్క గది నాకెక్కడా దొరకలేదు.

ఆ జూలైలో ఒక బ్యాంకు జట్టుతో మేచ్. ఇశ్రాయేలు చేతిలో ఆరు ఆఠీన్లు, అయిదు కళావర్లు. అతను ఆఠీన్లు పాడాడు, బాబురావు వాటినే సమర్థించి పైకి తీసుకెళ్ళాడు. బ్యాంకువాళ్ళు నాలుగు ఇస్పేట్లన్నారు. బాబురావు డబుల్ అన్నాడు. పాట తిరిగి ఇశ్రాయేలు దగ్గరికొచ్చింది. అతని పెదవి అయిదు అనబోయినట్టు కదిలింది, నేను చూశాను. పాస్ అని డబుల్‌ను అట్లాగే ఉంచేశాడు. బ్యాంకువాళ్ళు పది పట్లూ గెలిచారు. పక్క గదిలో అవే ముక్కలు పట్టుకున్న బ్యాంకు మనిషి డబుల్ తీసేసి అయిదు ఆఠీన్లు పాడి గెలిచాడట. ఆ ఒక్క ఆటకే పదహారు పాయింట్లు పోయాయి. మేచ్ పోయింది పదకొండుతో.

సోమవారం మధ్యాహ్నం క్లబ్బులో ఆ జట్టుకు ఒక ఆచారం. నల్లబల్ల మీద సుద్దతో నలుగురి ముక్కలూ రాసి, ఎవరి పాట ఎక్కడ తప్పిందో తేల్చడం. తేల్చేవాడు ఎప్పుడూ బాబురావే. డబుల్ ఎందుకు తీయలేదని ఇశ్రాయేలును అడిగాడు. అతను తల దించుకున్నాడు. వచ్చే మేచ్‌లో ఇట్లాగే అయితే ఆ కుర్చీలో స్టోర్సు నర్సింహ కూర్చుంటాడని బాబురావు అందరి ముందే అన్నాడు. నర్సింహ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూశాడు.

ఆ సాయంత్రం ఉప్పుగూడ దాకా ఇశ్రాయేలుతో నడిచాను. నిజంగా ఎందుకు తీయలేదని అడిగాను.

"కొలిమి కాడ సారు చెయ్యెత్తితే ఆగాలె, బాపూ. ఎందుకని అడిగేటాళ్ళం కాము. అడుగుకుంట నిలబడ్డోడు ఒకడు నా కండ్ల ముందటనే కాలిండు. సారు డబుల్ అన్నడు. నాకు చెయ్యెత్తినట్టే అనిపిచ్చింది."

ముక్కలాటలో అట్లా ఉండనక్కర్లేదన్నాను. పోతే పోనీ, ఆ కుర్చీ లేకపోతే కొంప మునుగుతుందా అని కూడా అన్నాను. అలసిపోయినవాడి సలహాలు అట్లాగే ఉంటాయి.

"మునగది," అన్నాడు. "కానీ ఆ ఆటల పాట నా దాక రాకుంట ముందుకు పోదు. సారైనా సరే, నేను నోరు తెరిచేదాక ఆగాలె. ఇంకెక్కడ నన్ను అడుగుతరు, బాపూ?"

రైల్వే గేటు పడి ఉంటే ఇద్దరం ఊరికే నిలబడ్డాం.

వాళ్ళది స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు. మరుసటి వారం నేను వెళ్ళేసరికి మంచం మీద నాలుగు చేతుల ముక్కలు పరిచి ఉన్నాయి. ఎదుటివాళ్ళ పాట అతనే పాడుతున్నాడు. బాబురావు వంతు భార్య సుందరమ్మది. ఆమె చేటలో బియ్యం ఏరుతూ, అతను కనుసైగ చేసినప్పుడల్లా డబుల్ అంటోంది.

"ఎందుకు డబుల్ అన్నవ్?" అన్నాడు.

"నాకేమెర్క? నువ్వే అనమంటివి."

"నీ చేతిల ఏమున్నయో చూసినవా?"

"రాళ్ళున్నయి. చూస్తవా?" అని దోసిలి చూపించింది. తర్వాత నావైపు తిరిగి, ఇంట్లో తను ఏది చెప్పినా తీసేసే మనిషికి ఇంత సాధన దేనికని అడిగింది.

ఆగస్టు ఆదివారం సైదాబాద్‌లో ఒక కాలనీ హాల్లో మేచ్. పొద్దున్నుంచీ ముసురు, తడిసిన గొడుగుల వాసన. పద్నాలుగో ఆటలో అదే మలుపు వచ్చింది. ఇశ్రాయేలుకు ఏడు ఆఠీన్లు, మిగతావి పనికిమాలినవి. ఆఠీన్లు పాడాడు, బాబురావు సమర్థించాడు. ఎదుటివాళ్ళు నాలుగు ఇస్పేట్లన్నారు. బాబురావు డబుల్ అన్నాడు.

ఇశ్రాయేలు ముక్కలు మూసి, మళ్ళీ విప్పాడు. బాబురావు అతన్నే చూస్తున్నాడు. చివరికి కొలిమి దగ్గర దగ్గేవాడిలా గొంతు సవరించుకుని అయిదు ఆఠీన్లన్నాడు. ఎదుటివాళ్ళు దాన్ని డబుల్ చేశారు. రెండు పట్లు తక్కువయ్యాయి. మూడు వందల నష్టం. బాబురావు లేచి వరండాలోకి పోయి సిగరెట్ వెలిగించాడు.

సాయంత్రం పక్క గది కాగితం వచ్చాక పోల్చాను. అక్కడ మనవాళ్ళు నాలుగు ఇస్పేట్లు పాడితే, ఎదుటి జత డబుల్ అని అట్లాగే ఉంచుకుంది. మనవాళ్ళు గెలిచారు. ఏడు వందల తొంభై లాభం. మూడు వందలు పోను నాలుగు వందల తొంభై, జట్ల మేచ్ పట్టీ ప్రకారం పది పాయింట్లు మనవి. మేచ్ గెలిచాం ఆరుతో. డబుల్ ఉంచి ఉంటే ఇక్కడా ఏడు వందల తొంభై పోయి ఆ పది వచ్చేవి కావు. ఓడిపోయిన పాటే మేచ్‌ను కాపాడింది.

సోమవారం నల్లబల్ల మీద ఆ ఆట రాసి, డబుల్ తీయడం బాగుందని బాబురావు మెచ్చుకున్నాడు. తను చెప్పింది ఒంటబట్టిందన్నాడు. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. ఇశ్రాయేలు బల్ల దగ్గరికి పోయి, బాబురావు ముక్కల్లో ఆఠీను రాజు, రాణి మీద వేలు పెట్టాడు.

"సార్, నాకాడ ఏడు ఆఠీన్లు, మీకాడ మూడు. అవుతలోళ్ళ ఇద్దరికి కలిపి మూడే. రెండో ఆఠీను పడేసరికి వాళ్ళు తురుపేస్తరు. ఈ రెంటిని మీరు రెండు పట్లని లెక్కేసిన్రు. మొన్నటి ఆటల గూడ గంతే." వేలికంటిన సుద్ద తుడుచుకున్నాడు. "తీసుడు, ఉంచుడు కాదు సార్. డబులే తప్పు."

బాబురావు బల్ల మీది ఆఠీన్లు మళ్ళీ లెక్కపెట్టాడు. లెక్క సరిగ్గా ఉందని అతనికి తెలిసింది. తర్వాత గుడ్డ తీసుకుని మెల్లగా తుడిచేశాడు.

గురువారం నోటీసు బోర్డు మీద జట్టు పేర్లు పెట్టారు. బాబురావు ఎదుట నర్సింహ పేరు ఉంది. నేను అడగకుండానే బాబురావు నా దగ్గరికొచ్చాడు. ఆ మనిషి మొహం కూడా అలిసిపోయి ఉంది.

"అతని మాట తప్పు కాదు, పెద్దాయనా. రేపు కొలిమి కాడ నేను చెయ్యెత్తితే అందరూ ఆగాలె. లెక్క తప్పని బల్ల కాడ అన్నోడు, అక్కడ ఒక్క క్షణం ఆలోచిస్తే?"

ఆలోచించడని నాకు తెలుసు. ఆ వారం కూడా బాబురావు చెయ్యెత్తగానే కొలిమి దగ్గర అందరికన్నా ముందు ఆగింది ఇశ్రాయేలేనని నర్సింహే చెప్పాడు. అది బాబురావుతో చెప్పడానికి రెండు సార్లు క్లబ్బు దాకా వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చాను. వయసు మీద పడ్డాక అన్యాయాలు కనిపించినంత తొందరగా కాళ్ళు కదలవు.

దసరా ముందు ఒక పొద్దున ఉప్పుగూడ వెళ్ళాను. ఇశ్రాయేలు రాత్రి షిఫ్టు దిగి స్నానం చేసి మంచం మీద కూర్చున్నాడు. ముక్కలు పంచి ఉన్నాయి. చేట గోడకు ఆనించి ఉంది. సుందరమ్మ పదమూడు ముక్కలూ విసనకర్రలా పట్టుకుని, కొంగు బిగించి కూర్చుంది.

"నాలుగు ఇస్పేట్లు," అన్నాడతను, ఎదుటివాళ్ళ తరఫున.

"డబుల్."

"ఎందుకే?"

"నాకాడ ఐదు ఇస్పేట్లున్నయి. ఎట్ల గెలుస్తరో చూస్త."

"చేతిల ఏమున్నయో చెప్పొద్దే."

"నువ్వడిగితివి, చెప్పిన. ఇగ నీ పాట చెప్పు."

ఇశ్రాయేలు తన ముక్కలు చాలాసేపు చూసుకున్నాడు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు మూసి తెరిచాడు.

"ఉంచిన," అన్నాడు.