సిమెంటు అమ్మకు బొట్టు

స్వాతంత్ర్యం వచ్చిన ఆ కొత్త రోజుల్లో మా ఫిజీలో గోడ ఖాళీగా కనిపిస్తే చాలు, బొమ్మ వేసేసేవారు. నేను మాస్టరుగా చేరిన కొండమీది గనుల ఊళ్లోనూ అంతే. బస్టాండు గోడ నిండా చెరకు బళ్లు, మార్కెట్టు గోడకు చేపలు, టౌన్‌హాలు ముందు చేపలబుట్ట పట్టుకున్న సిమెంటు అమ్మ. (కొండమీద ఇన్ని చేపలేమిటని ఎవరూ అడగలేదు.)

నాకిద్దామనుకున్న మనవరాలిని వెంటబెట్టుకుని, నన్నూ ఊరినీ చూసుకోవడానికి లౌటోకా పట్నం నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆ పిల్లను చూడగానే ఈ సంబంధం తప్పిపోతే ఎలాగా అని నాకు బెంగ పట్టుకుంది. మాటలతో మెప్పిద్దామని కళ గురించి ఉపన్యాసం బట్టీపట్టి, ప్రతి బొమ్మ దగ్గరా ఆపి వాయించాను. సిమెంటు అమ్మ దగ్గర మాత్రం అవ్వ తనే ఆగింది.

"బొట్టు లేదు బాబూ. ఆడమనిషి, మంచిగ లేదు" అంది.

నేను వద్దనేలోపే సంచిలోంచి కుంకుమ తీసి నుదుట అద్ది, కొబ్బరికాయ కొట్టేసింది. (శుభమా అని వచ్చింది కనుక అన్నీ సంచిలోనే ఉన్నాయి.) మూలవాసులైన ఫిజీవాళ్లకు తల ముట్టుకోవడం ఎంత తప్పో మా దేశంలో పసిపిల్లలకూ తెలుసు. అవ్వకూ తెలుసు. కానీ బొట్టు పెట్టడం తల ముట్టడం కిందికి రాదని ఆవిడ నమ్మకం.

అటుపక్క గడ్డి కోస్తున్న ఫిజీ తాత ఒకాయన కత్తితోనే వచ్చాడు. పోయిన తల్లిని తలుచుకుని ఆ బొమ్మ చేసింది ఆయనే. "కౌన్ ఛుయిస్?" అన్నాడు మెల్లగా, తల ముట్టిందెవరని. ఆ మెల్లదనానికే నా ఉపన్యాసమంతా ఎగిరిపోయింది. మోకాళ్లు వణికి ఉన్నచోటే కూలబడ్డాను.

నన్ను చూసి అవ్వా నేలమీద కూర్చుంది. తప్పు జరిగితే కింద కూర్చుని, వాళ్లు దంచి తాగే యంగోనా వేరు రెండు చేతులా ఇచ్చి మన్నించమనడం వాళ్ల ఆచారం. మా దగ్గర వేరెక్కడిది? అవ్వ కొబ్బరి చెక్కలే చాచింది. తాత కొబ్బరి చెక్కలనూ, అమ్మ నుదుటి బొట్టునూ చూశాడు. ఆ పిల్లా వచ్చి అవ్వ వెనక కూర్చుంది. చివరికి ఆయన కత్తి గడ్డిలో పెట్టి, ఎదురుగా కూర్చుని, అరచేతులు గుంటగా చేసి చప్పట్లు కొట్టి అందుకున్నాడు. బొట్టు ఉండనీ, అమ్మకు బాగుంది అని హిందీలో అన్నాడు.

బస్సెక్కుతూ అవ్వ తీర్పు చెప్పింది. "చదువుకున్నోడు, ముందు తానే కింద కూర్చున్నాడు. మర్యాద ఉంది. పిల్లనిస్తా."

ఆ మర్యాద పేరు చెప్పుకునే ఇన్నేళ్లూ బతికాను. మొన్న పూజలో మోకాళ్ల నొప్పితో కుర్చీ అడిగితే, మా ఆవిడ నవ్వి, "ఆ దినం కూడా మోకాళ్లే కదా" అంది. ఆమెకు మొదటినుంచీ తెలుసట. అవ్వకూ తెలుసట.

"'భయపడినాడు, గానీ మనల్ని విడిచి ఉరకలేదు, అది చాలు' అంది అవ్వ" అని చెప్పింది.

కుర్చీ వద్దన్నాను. గోడ పట్టుకుని, మెల్లగా ఆమె పక్కనే కింద కూర్చున్నాను.