తీసేసిన వాక్యానికి గీత ఉండదు

నా చేతిరాతను, తప్పులను మన్నించండి. ఎనిమిదో తరగతితో పల్లె బడి మానేసి మదనపల్లెలో టైపు నేర్చుకున్నాను. ఆ తర్వాత బతుకంతా ఇంగ్లీషు మిషను మీదే గడిచింది. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. పోయిన సోమవారం కుప్పం నుంచి కార్డు వచ్చింది. సారు చనిపోయారు. ఆయన కూతురు రెండే వాక్యాలు రాసింది.

సారు బెంగుళూరులో ఒక కంప్యూటర్ ఆఫీసులో పనిచేసి, రిటైరై పుంగనూరు వచ్చి, మా టైపు అంగడి వెనక ఇంట్లో దిగారు. ఆఫీసువాళ్ళు అప్పటికీ ఆయనను వదల్లేదు. మనం రాసిన లెక్కను యంత్రానికి తెలిసే ఆజ్ఞలుగా మార్చేదాన్ని కంపైలర్ అంటారట. అంకెల వరసను ఒక్కొక్కటిగా కాకుండా అంతా ఒకేసారి కూడే పద్ధతిని దానికి కొత్తగా చేర్చారు. సారు దాన్ని వెక్టర్ అనేవారు. ఆ పద్ధతిని వివరించే పుస్తకంలో పేజీలు మారినప్పుడల్లా సారుకు పోస్టులో వచ్చేవి. ఆయన చూసి సంతకం పెడితేనే అచ్చుకు పోయేవి.

సారు కళ్ళకు పొర కమ్మింది. నేను చదివేవాణ్ణి, ఆయన వినేవారు. నాకేమీ అర్థం కాలేదని సిగ్గుపడితే, "నీకు అర్థం గాకపోతే తప్పు నీది కాదప్పా, రాసినోడిది" అనేవారు. ప్రతి ఉదాహరణకూ నా చేత నేలమీద చింతపిక్కలు పెట్టించి లెక్క చూసేవారు.

మారిన పంక్తి పక్కన మార్జిన్‌లో నిలువు గీత ఉంటుంది. అవి మాత్రం చదివితే సారు ఒప్పుకోరు. పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టుకుని మొత్తం చదవాలి.

"తీసేసినదానికి గీత యాడ పెడతారప్పా? ఆ మాట ఉంటే గదా."

ఒకసారి పెద్ద కట్ట వచ్చింది. అంగడి ముందర అర్జీలవాళ్ళు కాచుకుని ఉన్నారు. నేను గీతలున్న పంక్తులే చదివేశాను.

"అంతా చదివినావా?"

"చదివినా సార్."

సారు సంతకం చేశారు. మదనపల్లెలో బెంగుళూరు బస్సెక్కే ఆఫీసు మనిషికి కట్ట చేతికిచ్చి వచ్చాను.

వారం తర్వాత మా దగ్గరుంచుకున్న ప్రతిని ఫైలులో పెడుతుంటే, సారు అందులో ఒక ఉదాహరణ చదివించి, దానికి పిక్కలు పెట్టమన్నారు. నాలుగు కుప్పలు, కుప్పకు ఒక పిక్క. రెండో కుప్ప నుంచి ప్రతి కుప్పకూ దాని ఎడమ పక్క కుప్పలో ఎన్నుంటే అన్ని కలపాలి. ఒక్కొక్కటిగా కలుపుతూ పోతే ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నిటికీ ఒకేసారి కలిపితే ఒకటి, రెండు, రెండు, రెండు. పేజీలో మాత్రం ఎట్లా చేసినా ఒకటేనన్నట్టు ఉంది.

పాత పేజీ తీశాను. 'ఇటువంటి చోట వరసంతా ఒకేసారి కూడరాదు' అని అందులో ఒక వాక్యం ఉంది. కొత్తదాంట్లో లేదు. పక్కన గీతా లేదు.

అప్పుడు నిజం చెప్పాను. సారు వంగి ఒక్కొక్క కుప్పనూ వేళ్ళతో తడిమి లెక్కపెట్టుకున్నారు.

"కండ్లు నీవి. సంతకం నాది. తప్పు నాదేలేప్పా."

ఆ మాటకంటే తిట్టి ఉంటే బాగుండేది. ఆ పూటే ఆఫీసుకు జాబు టైపు చేసి పంపాము. తర్వాత ఇంకో రెండు పంపాము. దేనికీ బదులు రాలేదు. ఆ పుస్తకాన్ని నమ్మి ఎవరు ఏ లెక్క వేస్తున్నారో, ఏది కూలుతుందో అని సారుకు అన్నం దగ్గర కూడా అదే మాట.

చూపు బొత్తిగా పోయాక కూతురు కుప్పం తీసుకుపోయింది. పోయిన ఎండాకాలం చూసి వచ్చాను.

"మనవళ్ళ పేర్లు మర్చిపోతాండాడు, ఆ పేజీ నంబరు మటుకు మర్చిపోలే మా నాయిన" అని ఆమె నవ్వింది. సారు నవ్వలేదు.

"జాబు వచ్చిండాదా?"

వచ్చిందని ఇంకో అబద్ధం చెప్పవచ్చు. ఆయనకు ఒకసారి చెప్పినదే చాలు.

"రాలే సార్."

"ఇంక రాదులేప్పా."

నాకూ ఆశ లేదు. ఆ ఆఫీసు ఇప్పుడు యాడుందో కూడా తెలియదు. కార్డు వచ్చిన రోజు మళ్ళీ పెట్టి చూసిన పిక్కలు మిషను పక్కన నాలుగు కుప్పలుగా అట్లే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎత్తబుద్ధి కాలేదు. మీలో ఎవరి దగ్గరైనా అటువంటి పుస్తకం ఉంటే, ఈ లెక్క ఉన్న పేజీ తీసి చూడండి. ఆ వాక్యం లేకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి, పక్కన ఒక గీత గీయండి. గీశామని ఈ పత్రికకే ఒక కార్డు ముక్క రాయండి, కొంచెం తొందరగా.