పిల్ల ఎవరిదని అడిగినప్పుడు

మా ఊళ్లో నన్ను అబద్ధం చెప్పని మనిషి అంటారు. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా నాకే కబురు పెడతారు. "ఆయన చెప్పిండంటే అయిపాయె" అంటారు. చాలా ఏళ్లుగా ఆ మాట నా మెడకు గుదిబండ. ఆ పేరు నాకు ఒకే ఒక్క రోజున వచ్చింది. ఆ రోజు నేను నిజమే చెప్పాను. నా బతుకులో నేను చేసిన అన్నిటికన్నా నీచమైన పని కూడా అదే.

మీకు చెబుతున్నాను. మీరు మా ఊరివాళ్లు కారు, నా ముఖం మీకు తెలియదు. అందుకే ధైర్యం వచ్చింది. ఇందులో ఎవరి అసలు పేరూ రాయడం లేదు. నాది అసలే రాయడం లేదు.

అతన్ని సత్తయ్య అందాం. మా తాతలిద్దరూ సొంత అన్నదమ్ములు. నాకన్నా కొంచెం పెద్ద, నాకు అన్న వరస. నకిరేకల్‌కు దగ్గరలో ఉన్న మెట్ట ఊరు మాది. ఎనభైలలో నల్గొండలో ఒకే గది కిరాయికి తీసుకుని ఇద్దరం డిగ్రీ చదివాం. మార్కులు నాకే ఎక్కువ వచ్చేవి. కానీ బస్సు ఎక్కితే కండక్టర్ అతనికే జాగా చూపించేవాడు. గది కిరాయికిచ్చిన ముసలమ్మ కూర గిన్నె అతని చేతికే ఇచ్చేది. సెలవుల్లో మా ఇంటికి వస్తే మా అమ్మ కూడా మంచి ముక్క ఏరి అతని కంచంలో వేసేది. అతను దాన్ని తుంచి సగం నా కంచంలో పెట్టేవాడు. ఆ సగం ముక్క నాకు గొంతు దిగేది కాదు. అప్పుడే తెలియాలి కదా నా లోపల ఏముందో? తెలుసు. దానికి పేరు పెట్టలేదు, అంతే.

అతను ఒక పార్టీలో చేరాడు. నేను రెండో పార్టీలో చేరాను. సిద్ధాంతం అని అందరికీ చెప్పాను. అతను నా పార్టీలోనే చేరి ఉంటే నేను అతని పార్టీలోకి పోయేవాణ్ని. నా సిద్ధాంతం అంత లోతైనది.

తొంభైలలో పంచాయతీ ఎన్నికల చట్టం మార్చబోతున్నారని వార్త వచ్చింది. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచుగా, వార్డు సభ్యుడిగా నిలబడటానికి పనికిరారని అందులో ఒక నిబంధన. మా పార్టీ మంచిదంది, వాళ్ల పార్టీ అన్యాయమంది. హోటల్లో, బస్‌స్టాండ్‌లో అదే గొడవ. చివరికి ఊరి యువజన సంఘం వాళ్లు పంచాయతీ ఆఫీసు ముందు చర్చ పెట్టారు. మా తరఫున నేను, వాళ్ల తరఫున సత్తయ్య.

నేను బాగా తయారై వెళ్లాను. నల్గొండలో ఒక వకీలు దగ్గర కూర్చుని సందేహాలన్నీ అడిగాను. పెంపకానికి ఇచ్చిన పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుందని కూడా అడిగాను. కన్నవాళ్ల లెక్కలోకేనని ఆయన చెప్పాడు. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి. నేనూ గుర్తు పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం నేను బాగానే మాట్లాడాను. జనాభా, నీళ్లు, భూమి, అన్నీ చెప్పాను. కొందరు తలలూపారు. తర్వాత సత్తయ్య లేచాడు. కూలి చేసుకునే వాళ్ల ఇళ్లలో ఎందరు పుడతారో, ఎందరు మిగులుతారో చెప్పాడు. ఈ చట్టం చివరికి ఎవరిని పదవుల్లోంచి బయటికి నెడుతుందో చెప్పాడు. అక్కడితో ఆపి ఉంటే నేను ఓడిపోయేవాణ్ని, అంతకు మించి ఏమీ జరిగేది కాదు. అతను నావైపు చూసి నవ్వాడు.

"మా తమ్ముడు చట్టం మంచిదంటున్నడు. అంటడు మరి, ఆయనకేం ఫికర్? ముగ్గురు కాదు, ఒక్కరుంటేనే బందని రాసినా ఆయన నామినేషన్ నిలుస్తది."

నాకు పిల్లలు లేరు. అప్పటికే హైదరాబాద్ దవాఖానలన్నీ తిరిగి వచ్చాం. జనం విరగబడి నవ్వారు. నా భార్య ఆడవాళ్లలో కూర్చుని ఉంది. ఆమె కొంగు తల మీదికి లాక్కోవడం చూశాను.

అతను వెంటనే దిగి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. నోరు జారిందన్నాడు, మనసులో పెట్టుకోవద్దన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి జనం అతన్నే ఇంకా మెచ్చుకున్నారు. నన్ను గాయపరచి కూడా మంచివాడు అతనే అయ్యాడు.

చట్టం వచ్చింది. అమలుకు ముందు ఏడాది గడువిచ్చారు. ఆ గడువు దాటిన తర్వాత సత్తయ్య ఇంట్లో మూడో పిల్ల పుట్టింది. కాన్పు ఇంట్లోనే అయింది. ఎక్కడా ఏ నమోదూ లేదు. పురిటి స్నానం అయిన మరునాడు సత్తయ్య, అతని భార్య లక్ష్మమ్మ పొత్తిళ్లలో పిల్లతో మా ఇంటికి వచ్చారు. మా వైపు పిల్లలు లేని ఇంటికి దగ్గరివాళ్లు ఒక బిడ్డను పెంపకానికి ఇవ్వడం ఉంది. లక్ష్మమ్మ నా భార్యను గడప లోపల పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, ఒడిలో కొత్త రవికె గుడ్డ పరిచి దాని మీద పిల్లను పడుకోబెట్టింది. అలా ఒడిలో పెట్టిన పిల్ల పెంచిన ఇంటిదే. ఊళ్లో ఎవరినడిగినా అదే చెబుతారు.

"ఇయ్యాల్టి సంది నీ బిడ్డ తమ్మీ. ఎవడడిగినా నీ బిడ్డనే అని చెప్పు" అన్నాడు సత్తయ్య.

ఒకటి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత మా పార్టీవాళ్లు వేరే కథ అల్లారు. అతను పోటీకి అర్హత కోసం పిల్లను వదిలించుకున్నాడన్నారు. కాదు. అప్పటికి ఏ ఎన్నికా లేదు. సర్పంచు నిక్షేపంగా తిరుగుతున్నాడు. ఆ రోజు చర్చలో అన్న ఒక్క మాటకు అతను చెల్లించుకున్నది అది. మాటకు బదులుగా బిడ్డనే ఇచ్చాడు. నాకిది తెలుసు. తెలిసీ, వాళ్లు ఆ కథ చెబుతుంటే నోరు మూసుకున్నాను.

రేణుక అని పేరు పెట్టుకున్నాం. నా భార్య నడక మారింది, గొంతు మారింది. ఇరుగుపొరుగుతో తగవు కూడా ధైర్యంగా పడేది. పిల్ల నన్ను "బాపు" అని పిలిచిన రోజు నేను పొలం పోలేదు. మళ్లీ మళ్లీ పిలిపించుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. సత్తయ్యను "పెద్దబాపు" అనేది.

ఇక్కడే నా జబ్బు మళ్లీ తిరగబెట్టింది. నా భుజం మీద ఉన్న పిల్ల, వీధిలో అతని గొంతు వినగానే అటు వాలిపోయేది. రెండు చేతులూ చాచేది. అతను ఎవరి పిల్లలు కనిపించినా ఎత్తుకుని ఆడించే మనిషి, ఏ పిల్లయినా అలాగే చేస్తుంది. అది నాకు అర్థం కాదా? అర్థమవుతుంది. అయినా పిల్లను అతని చేతికిచ్చిన ప్రతిసారీ మా అమ్మ వేసిన ముక్క గుర్తొచ్చేది. నా ఇంట్లో ఉన్న ఈ ఒక్క సంతోషం కూడా అతని కంచంలోంచి తుంచి పెట్టిన సగమేనా అనిపించేది.

రేణుక మాటలు నేర్చి పరుగులు పెడుతున్న రోజుల్లో సర్పంచు గుండెపోటుతో పోయాడు. ఉప ఎన్నిక వచ్చింది. సత్తయ్య నిలబడతానన్నాడు. ఊరు మొత్తం అతనివైపే ఉంది. మా పార్టీ తరఫున అంజయ్య అనే ఆయన నామినేషన్ వేశాడు గానీ, డబ్బు దండగని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. నేను పోటీలో లేను. నాకు ఆ కుర్చీ అక్కరలేదు. అందులో అతను కూర్చోకూడదు, అంతే.

నామినేషన్ల పరిశీలనకు ముందు రోజు, పొద్దున్నే, నేను అంజయ్య బావి దగ్గరికి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఎవరూ నన్ను అడగలేదు. పెంపకానికి ఇచ్చినా పిల్ల చట్టం లెక్కలో కన్నవాళ్లదేనని చెప్పాను. ఊళ్లో ఎవరూ సత్తయ్యకు ఎదురు సాక్ష్యం చెప్పరు కదా అని ఆయన సందేహపడ్డాడు. అప్పుడు నేనన్న మాట ఇది: "నన్ను అడగమని చెప్పు. నలుగురి ముందట అడిగితే నేను అబద్ధం చెప్ప."

ఒక మనిషి తనకు తానే ఉచ్చు పన్ని, అందులో పడినట్టు నటించడం మీరెక్కడైనా చూశారా?

మరునాడు మండలాఫీసులో అంజయ్య అభ్యంతరం చెప్పాడు. సత్తయ్య కొంచెం కూడా తడబడలేదు. ఆ పిల్ల మా తమ్ముని బిడ్డ అన్నాడు. ఒడిలో పెట్టిన పిల్ల గురించి మా ఊళ్లో ఎవరైనా అలాగే అంటారు. అతనికది అబద్ధం కాదు. అధికారి నావైపు తిరిగి, పిల్ల ఎవరిదని అడిగాడు.

నేను తల దించుకున్నాను. కాసేపు ఆగాను. ఆ ఆగడం కూడా ముందే అనుకున్నదే. తర్వాత, సత్తయ్య కన్న పిల్ల అని చెప్పాను.

నామినేషన్ కొట్టేశారు. వెనక ఎవరో "ఎంత నిజాయితీ, అన్న అని కూడా చూడలే" అన్నారు. ఇప్పటికీ నేను మోస్తున్న పేరు అక్కడ పుట్టింది.

బయట గోడ నీడలో కూర్చున్నాను. సత్తయ్య వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"తమ్మీ, గట్ల కూసున్నవేంది? లే, బస్సు పోతది."

"అన్నా, నేను..."

"నువ్వేం జేస్తవ్ రా? గాయన మొఖం మీదనే అడిగె. నీకు చిన్నప్పటి సంది అబద్ధం చెప్పరాదు. చెప్తే కండ్లు నేల చూస్తయ్. చెప్పినా దొరికిపోతుంటివి."

"నన్ను తిట్టరాదె."

"తిడుత గని, ముందుగాల ఛాయ్ తాగుదాం పా." కొన్ని అడుగులు వేశాక ఆగాడు. "గా అంజయ్యకు గీ చట్టం మర్మం ఎవడు చెప్పిండో గని, వాడు దొరకాలె తమ్మీ. వాని మాత్రం ఇడ్వ."

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. అతను తిట్టేవాడు, బహుశా కొట్టేవాడు. నా కళ్లు నేలనే చూస్తున్నాయి. అతను అది చూసి, బాధనుకుని, నా భుజం తట్టాడు. ఛాయ్ తెప్పించాడు. నేను తాగాను.

నేను లెక్క వేయనిది ఒకటుంది. అంత తెలివిగా అన్నీ ఆలోచించిన నాకు అది తట్టనే లేదు. సత్తయ్య తల్లి మొండి మనిషి. కొడుక్కి జరిగింది విని నేరుగా మా ఇంటికి వచ్చింది. "సర్కారే మా పిల్ల అన్నంక ఇంకొకరింట్ల ఎందుకుండాలె?" అంది. సత్తయ్య వద్దన్నాడు, లక్ష్మమ్మ ఏడ్చింది. ముసలమ్మ వినలేదు. అడ్డుపడటానికి నాకు నోరేది? పిల్ల సత్తయ్యదని నలుగురి ముందు చెప్పింది నేనే కదా. ఆమె రేణుకను చంకనేసుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా పిల్ల నా వైపే చేతులు చాచింది. మొదటిసారి, నా వైపే.

కొన్నాళ్లకు నన్ను "చిన్నబాపు" అని పిలవడం నేర్పారు. నా భార్య రేణుక ఊయల విప్పలేదు. దాని కిందుగా వంగి ఇల్లు ఊడ్చేది. ఆమె నన్ను తప్పు పట్టలేదు. "అడిగితె నువ్వు మాత్రం ఏం చెప్తవ్" అంది. ఆమెకూ నేను అబద్ధం చెప్పని మనిషినే.

సత్తయ్య మళ్లీ ఏ ఎన్నికకూ నిలబడలేకపోయాడు. వ్యవసాయం చేసుకుంటున్నాడు. మమ్మల్ని పిలవకుండా వాళ్లింట్లో ఏ పండుగా జరగదు. నేను ఇదంతా మోసుకుంటూ ఇలాగే పోయేవాణ్నేమో. కానీ మొన్న రేణుక వచ్చింది. నల్గొండలో ఉద్యోగం చేస్తోంది. వచ్చినప్పుడల్లా నా భార్య దగ్గర కూర్చుంటుంది. ఇద్దరూ చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నేను గోడకు ఇవతల ఉన్నాను.

"నేను పుట్టకపోతే బాపు సర్పంచ్ అయ్యేటోడు గద చిన్నమ్మా" అంది. వాళ్ల నానమ్మ చివరి రోజు దాకా అదే మాట అన్నదట. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల వాళ్లింట్లో తన వంతుకు చేయి చాచేముందు ఆగేదట. మూడోదాన్ని కదా అని. అది చెబుతూ నవ్వింది. నా భార్య నవ్వలేదు.

నేను సగం ముక్క మింగలేకపోయాను. నా వల్ల ఒక పిల్ల తన ముక్క తాను తీసుకోవడానికి భయపడుతూ పెరిగింది.

వాళ్లకు చెబుతానా? మీకు మాట ఇవ్వలేను. నా మాట ఎలాంటిదో ఇంతవరకు చూశారు కదా. క్షమించమని కూడా అడగడం లేదు, క్షమించాల్సినవాళ్లు మీరు కారు. ఈ మాట నా లోపలి నుంచి ఒక్కసారైనా బయటికి రావాలనుకున్నాను. వచ్చింది. ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది.

పిల్ల ఎవరిదని ఆ రోజు అధికారి అడిగాడు, చెప్పాను. అంజయ్యకు ఎవడు చెప్పాడని నువ్వడిగావు. దానికి జవాబు ఇన్నేళ్లూ బాకీ పడ్డాను.

నేనే, అన్నా.