ముకుందన్ బొమ్మల ఫారం

ఎ. ముకుందన్‌కు అక్షరం మీద నమ్మకం లేదు. ఏ సంగతి చెప్పాలన్నా ఫోన్ తీసి ఫొటో కొడతాడు. ఇంట్లో ఉప్పు అయిపోతే ఖాళీ డబ్బా ఫొటో భార్యకు పంపిస్తాడు. సెలవు కావాలంటే ఆఫీసుకు తన ఖాళీ కుర్చీ ఫొటో పంపిస్తాడు.

అలాంటి మనిషిని పట్టుకుని, పుదుచ్చేరిలో అతను పనిచేసే సేవాసంఘం వాళ్లు ఏంబలం అనే ఊళ్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్ల వైద్యశిబిరానికి ట్యాబ్‌లో ఫారం తయారుచెయ్యమన్నారు. తప్పు వాళ్లదే. తలనొప్పి ప్రశ్నకు తన పిన్నిని తలకు తువ్వాలు కట్టి కూర్చోబెట్టాడు. మోకాలినొప్పికి తన మోకాలే ఫొటో తీసుకున్నాడు. వాపు చాలలేదని మూడు రోజులు మెట్లెక్కి దిగి మళ్లీ తీసుకున్నాడు. మొత్తం నూట నలభై ఫొటోలు, ఒక్కొక్కటీ గోడకు పటం కట్టుకునేంత పెద్దది.

శిబిరం నాడు పదింటికి, సంఘంలో కంప్యూటర్ పని చూసే నందిత ఆ ఫారం తెరిచింది. తెరమీద చక్రం తిరగసాగింది. పదిన్నరకూ తిరుగుతూనే ఉంది. వరండాలో నలభైమంది ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. డాక్టర్ జనని ఒంటిగంటకు వెళ్లిపోవాలి, మళ్లీ వచ్చేది మూడు నెలలకే.

ఫొటోలన్నీ తీసేస్తానంది. ముకుందన్ ట్యాబ్‌ను గుండెకు హత్తుకున్నాడు.

"తియ్యొద్దు పాపా. వీళ్లకు తెలుగు మాట్లాడేదానికే, చదివేదానికి కాదు. తమిళం కూడా బస్సు బోర్డు దాకానే."

"అయితే నేనే చదివి అడుగుతాలే అన్నా."

ఒళ్లు మండి నందిత ప్రశ్నలున్న కాగితం పట్టుకుంది. వరసలో ముందున్న రంగమ్మాళ్‌ను కూర్చోబెట్టి, ఆ గోలలో వినబడాలని గట్టిగా అడగడం మొదలుపెట్టింది. మూత్రం ఆపుకోలేకపోవడం ఉందా అనేసరికి వరండాలో అందరూ ఇటు తిరిగి చూశారు.

"నాకేంది, బాగానే ఉండా," అని రంగమ్మాళ్ లేచిపోయింది.

తర్వాత నలుగురూ అదే మాటన్నారు. పదకొండున్నర అయింది. ఏ జబ్బూ లేనివాళ్లు ఇంత ఎండలో నడిచి ఎందుకొచ్చారో నందితకు అంతుపట్టలేదు.

ముకుందన్ గొంతు తగ్గించి చెప్పాడు. "మా అమ్మా ఆరేండ్లు డాక్టర్‌తో ఇట్లనే చెప్పింది పాపా. వేలుపెట్టి చూపించేదానికి బొమ్మ ఉండుంటే, ఎప్పుడో చూపించుండేది."

నందితకు సిగ్గేసింది. ట్యాబ్ అందుకుని కూర్చుని ఫొటోలన్నిటి బరువూ తగ్గించింది. అన్నీ ఒక్కసారే రాకుండా, ఏ ప్రశ్నకు ఆ ఫొటో మాత్రమే వచ్చేటట్టు మార్చింది. పన్నెండుకు ఫారం వేలు పెట్టగానే తెరుచుకుంది.

రంగమ్మాళ్‌ను వెనక్కి పిలిచి, గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ట్యాబ్ ఒళ్లో పెట్టారు. ముకుందన్ అటు వీపు తిప్పి నిలబడ్డాడు. తొమ్మిదో ప్రశ్నకు, అడుగున నీళ్లు కారుతున్న ప్లాస్టిక్ బిందె వచ్చింది. రంగమ్మాళ్ అటూ ఇటూ చూసి బిందె మీద వేలు పెట్టింది. లోపలున్న డాక్టరుకు అందిందో లేదో అని మరో రెండుసార్లు నొక్కింది.

ఆ రోజు బిందె నొక్కినవాళ్లు పద్దెనిమిది మంది. డాక్టర్ జనని తర్వాతి పని వాయిదా వేసుకుని ఒక్కొక్కరినీ చూసింది. మూడున్నరకు నీరసంగా బయటికొచ్చి, ఆకలేస్తోందని చెప్పడానికి ఏదైనా ఫొటో ఉందా అని ముకుందన్‌ను అడిగింది.

అదొక్కటి లేకపోయినందుకు ముకుందన్ నొచ్చుకున్నాడు. వెంటనే ఫోన్ తీశాడు.

"అట్లనే ఉండండి డాక్టరమ్మా. మొగం బాగా కుదిరింది."