గోనె, చాప, బల్ల

మా టీచరమ్మ పోయింది. మొన్న బేస్తారం పొద్దుగాల మంచిర్యాలకెల్లి మా తమ్ముడు ఎదురింటి కిరాణ దుకాణానికి ఫోన్ జేసి చెప్పిండు. ఆ దినం చొప్పదండి బడిల ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు పరీక్ష పెట్టేదుండె. ప్రశ్నల కాయితం నా చేతులనే ఉన్నది. "అక్కా, ఇంటున్నవా?" అని తమ్ముడు రెండుపార్లు అడిగిండు. ప్రశ్నల కాయితం దుకాణపాయన చేతులవెట్టి, బడికి పంపుమని చెప్పి బస్సుకు ఉరికిన. పెద్దపల్లి దాక బస్సు, ఆడికెల్లి రైలు. నేను చేరెవరకు మట్టి పోసుడు గూడ అయిపోయింది.

టీచరమ్మ అంటే ఎవ్వరని మీరడుగుతరు. మిషన్ బడిల కొలువు జేసి దిగిపోయిన మనిషి. మంచిర్యాల రైల్వే గేటు పక్కకు చిన్న పెంకుటిల్లు. ఆ ఇంటి వరండాల పొద్దుమీకి ఇంగ్లీషు చెప్పేది. పదిల ఫేలైన మా అసోంటోళ్లు, బొగ్గుబాయి మీద గుమస్తాలు, బస్సు బోర్డు చదువరాక పరేషానయ్యే ఆడోళ్లు, అందరు ఒక్క యాల్లకే వచ్చేటోళ్లు. అందరికి ఒక్క పాఠం మాత్రం కాదు.

గోనె సంచుల మీద అచ్చరాలు నేర్సేటోళ్లు కూసునేది. వాళ్లకు సబ్బు కాయితం, అగ్గిపెట్టె, మందు సీస, ఇంట్ల ఏది దొరికితే అదే పాఠం. చాప మీద చదువ వచ్చినోళ్లు. వాళ్లకు రైళ్ల టైంటేబులు, పాత పేపరు ముక్కలు. బల్ల మీద సొంతంగ రాసేటోళ్లు. సెలవు చిట్టీలు, దరఖాస్తులు రాసేది. టీచరమ్మ కొంగు నడుముకు చెక్కుకొని గోనె కాడ వంగి ఒక మాట చెప్పి, చాప కాడ ఒకటడిగి, బల్ల మీదోళ్ల రాతల కింద గీత గీసి మల్ల గోనె కాడికి ఉరికేది. సుద్దముక్క పట్టిన చేతితోనే చెమట తుడుసుకునేది. పాఠం అయ్యెవరకు మొకమంత తెల్లగయ్యేది. మేం నవ్వితే, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. నవ్వితే నోరు తెరుసుకుంటది. నోరు తెరిస్తెనే ఇంగ్లీషొస్తది" అనేది.

మా బాపు నన్ను సైకిలెక్కిచ్చుకొని తీస్కపోయిండు. "పదిల ఇంగ్లీషు ఒక్కటే పోయింది టీచరమ్మా, జర గట్టెక్కియ్యండ్రి" అన్నడు. ఆమె ఒక పేపరు ముక్క చేతులవెట్టింది. నేను యాడ ఆగకుంట గడగడ చదివిన. "మంచిగ చదివినవు. ఏం రాసిండ్రు దాంట్ల?" అనడిగింది. నాకేం తెలుసు! అయినా ఏందో ఒకటి అల్లి చెప్పిన. ఆమె ఇనుకుంటనే ఉన్నది. "తెలువదనుడు తప్పు గాదు బిడ్డా, తెల్సినట్టు జేసుడే తప్పు. పో, చాప మీద కూసో" అన్నది. నాకు ఇజ్జత్ పోయినట్టయింది. మా బాపు మాత్రం మస్తు ఖుషీగ ఇంటికి పోయిండు.

చాప మీదికెల్లి బల్ల మీదికి పోవాలంటే టీచరమ్మకు ఒక కట్టుబాటుండె. గోనె మీదోళ్లల ఒక్కరికి నువ్వు చదువు చెప్పి, వాళ్లను చాప మీదికి తేవాలె. ఇంకొకలకు చెప్తెనే నీకెంతొచ్చో తెలుస్తదనేది. నాకు లచ్చక్కను అప్పజెప్పింది.

లచ్చక్కకు ముప్పై ఏండ్లుంటయి. పెనిమిటి లేడు, ఇద్దరు పిల్లలు. దవాఖానల ఊడుస్తుండె. ఆడ ఆయా కొలువు ఖాళీ అయింది. సీసల మీద మందుల పేర్లు చదివితే ఆ కొలువు నీకే అని పెద్ద డాక్టరు చెప్పిండట. నెల గడువు. నా పరీక్ష గూడ ఆ నెల దాటినంకనే. బల్లెక్కితెనే పాసైతనని నాకు ఒక్కటే ఫికరు.

టీచరమ్మ పాత క్యాలెండర్లు కత్తిరిచ్చి, ఎనుక దిక్కు మందుల పేర్లు రాసి ఇరవై ముక్కలు జేసిచ్చింది. వాటిని బోర్లేసి పరవాలె, ఒక్కొక్కటి ఎత్తి చదవాలె. లచ్చక్కకు అచ్చరం నిలువకపోయేది. ఇయ్యాల చెప్పింది రేపు మర్సిపోయేది. పదిహేను దినాలైనంక నాకు ఇసుగొచ్చింది. అప్పుడు నా పాడు బుర్రకు ఒక ఉపాయం తట్టింది. బోర్లేస్తే క్యాలెండరు బొమ్మలు పైకే ఉంటయి గదా! "అక్కా, ఆవు కాలున్నది పాయిజన్. గులాబి పువ్వున్నది టింక్చర్. గట్ల యాదివెట్టుకో" అన్న. "గట్లైతే అల్కగనే ఉన్నది పిల్లా" అని లచ్చక్క నవ్వింది. నాలుగు దినాలల్ల ఇరవై ముక్కలు అప్పజెప్పింది.

టీచరమ్మ ముందల గూడ ఒక్కటి తప్పలే. టీచరమ్మ సంబురం నేనెన్నడు మర్వ. లచ్చక్క చెయ్యి పట్టుకొని చాప మీద కూసోబెట్టింది. నన్ను బల్ల మీదికి రమ్మన్నది. అందరికి చాయ్ వోసింది. నేను ఆ చాయ్ తాగిన.

దవాఖానోళ్లు సీసలు ముందలవెట్టి చదువుమన్నరు. సీసల మీద ఆవు కాలు యాడుంటది? ఆ కొలువు ఇంకొకామెకు పోయింది. మర్నాడు పాఠం యాల్లకు లచ్చక్క వరండాల తలకాయ వంచుకొని నిలవడ్డది. "తప్పు నాది లచ్చమ్మా. నేనే తొందరవడి నిన్ను చాపెక్కిచ్చిన" అన్నది టీచరమ్మ. మల్ల గోనె పరిచి పక్కకు తనే కూసున్నది. నేను బల్ల మీదికెల్లి చూసుకుంట ఊకున్న. లేసి ఒక్కమాట చెప్తే అయిపోతుండె. చెప్పలే.

నేను పాసైన. ఇంకా చదివిన, ఇంగ్లీషు టీచర్నే అయిన. లచ్చక్క రెండేండ్లకు చదువ నేర్సింది గని ఆయా కొలువు మల్ల ఖాళీ కాలే. దిగిపోయెదాక ఆ దవాఖాన ఊడ్సుకుంటనే ఉన్నది. మంచిర్యాల పోయినప్పుడల్ల టీచరమ్మను కలుస్తుంటి. ఇయ్యాల చెప్పాలె అనుకుంటనే గడప తొక్కేది, చాయ్ తాగి వచ్చేది. "మీ బడిల గోనె మీద ఎంతమందే?" అని ఒకపారి అడిగింది. అరవై మంది పిల్లలకు ఒక్కటే పాఠం ఒర్రి, రానోళ్లను ఎనుక బెంచీకి తోలేదాన్ని నేను. "అందరు మంచిగనే చదువుతరు టీచరమ్మా" అన్న. ఆమె నా మొకం చూసి, చేతుల ఇంకో బిస్కటు వెట్టింది.

మొన్న సమాధుల కాడ లచ్చక్క కనవడ్డది. ఎంటికలు నెరిసినయి. ఆమె రెండు చేతులు పట్టుకొని ఏడ్సిన. "అక్కా, నీ కొలువు నేనే చెడగొట్టిన. టీచరమ్మకు గూడ చెప్పలే" అన్న.

"టీచరమ్మకు ఎరుకే బిడ్డా" అన్నది లచ్చక్క.

"ఎట్లెరుక అక్కా?" అన్న.

"దవాఖానకెల్లొచ్చిన దినమే నేను చెప్పిన. పిల్ల చిన్నది, ఏమనద్దు అన్న. 'నేనడిగితే అడిగినందుకు చెప్తది లచ్చమ్మా, తనంతట తనే చెప్పాలె' అన్నది. నువ్వొచ్చిపోయినప్పుడల్ల, 'ఇయ్యాల గూడ చెప్పలే' అనేది. కోపం గాదు బిడ్డా. గంతే, గట్ల అనేది."

లచ్చక్క కండ్లు తుడుసుకుంట మిగతోళ్లతోని పోయింది. నేను చెప్పులిడిసి ఆ పచ్చి మట్టి పక్కకు కూసున్న. "టీచరమ్మా, లచ్చక్కకు చదువొచ్చిందని మీకు అబద్ధం చెప్పిన" అని షురూ జేసిన. గుంత తోడినోళ్లు పారలు సదురుకుంట నా దిక్కు జూసిండ్రు. జూస్తే జూడనియ్యి అని మొదటికెల్లి అంత చెప్పిన, పెద్దగనే చెప్పిన. వాళ్లల్ల ఒక ముసలాయన పార కిందవెట్టి, నెత్తి మీది రుమాలు తీసి చేతుల పట్టుకొని, నేను చెప్పుడు అయిపోయెదాక అట్లనే నిలవడ్డడు.