గాలికి సర్టిఫికెట్ ఇచ్చిన ఊరు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తొమ్మిది దాటాకే రైలెక్కాం. బయర్న్ టికెట్టు మామూలు రోజుల్లో అంతకుముందు చెల్లదు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఇద్దరికీ ఒకే కాగితం, లోకల్ రైళ్లు రోజంతా ఎన్నయినా ఎక్కొచ్చు. ఆల్ప్స్ పర్వతాలకు వెళ్తున్నామని హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఫోన్లో చెప్పాను. ఆల్ప్స్ కాదు, రెండు రైళ్ల అవతలి గుట్టలు. వెళ్లింది కూడా గుట్టల కోసం కాదు, మా ఆవిడ సరోజకు ఊపిరితిత్తుల డాక్టరు కోసం.

కూతురి దగ్గర మూడు నెలలుందామని వచ్చి, కరోనాతో విమానాలు ఆగిపోయి చలికాలం దాకా చిక్కుకుపోయాం. మళ్లీ విమానాలు మొదలవగానే సరోజ పెట్టె సర్దేసింది. డాక్టరు సరే అంటేనే టికెట్ అని కూతురు పట్టుబట్టింది. దగ్గర్లో టెర్మిన్, అంటే డాక్టరు అపాయింట్‌మెంట్, దొరక్క ఇంత దూరం.

నూరెంబర్గ్‌లో రైలు మారాం. మా తెలుగు విని ఎదుటి సీట్లో అమ్మాయి పలకరించింది. పేరు ఆయేషా, టోలీచౌకీ పిల్ల, ఇక్కడ ఇంజనీరు. మేం దిగే ఊరు చెప్పాను.

"లుఫ్ట్‌కూరోర్ట్ కదా అంకుల్ అది! గాలి మంచిగుందని సర్కారోళ్లు కొలిచి సర్టిఫికెట్ ఇచ్చిన ఊరు."

"గాలికి సర్టిఫికెటా? మా నాన్న నన్ను బతికినన్నాళ్లూ గాలివెధవ అనేవాడు. నాకూ ఇస్తారేమో కనుక్కోమ్మా."

మాస్కుల వెనక ఇద్దరూ నవ్వారు. సరోజ నవ్వు దగ్గులోకి దిగింది. ఆయేషా కిటికీ తెరవబోయింది, అవి తెరుచుకునే కిటికీలు కావు.

హోటళ్లు మూసే ఉన్నాయి. దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద చలిలోనే పులిహోర తిన్నాం.

డాక్టరమ్మకు ఇంగ్లీషు వచ్చు. సరోజ చేత గొట్టంలో ఊదించి, "సిగరెట్లు తాగేవారా?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పగానే సరోజ, "నా మొహం చూస్తే అలా కనపడుతోందా? అడగండి ఆవిణ్ణి!" అంది.

"మరి ఇల్లెక్కడ?"

ఇక్కడ నా నోరు ఊరుకోలేదు. పరాయి దేశంలో మన ఇంటిని తక్కువ చేసుకుంటామా? "మామిడితోట మధ్యలో. పొద్దున్నే కిటికీ తీస్తే కోయిలలు" అన్నాను. డాక్టరమ్మ మొహం వికసించింది. "అయితే వెళ్లనివ్వండి. ఆ గాలే మందు" అంటూ కలం తీసింది. 'మ్యాంగో' అన్న మాట సరోజకు తెలుసు. నా వైపు చూసింది, కానీ కాదనలేదు. ఒక్కో ఊపిరికీ ఆమె భుజాలు పైకి లేస్తున్నాయి.

"కాదమ్మా, తోట లేదు" అన్నాను. "ఫ్లైఓవర్ కింద, సిగ్నల్ దగ్గర మా జిరాక్స్ షాపు. పైన ఇల్లు. ముప్పై ఏళ్లుగా కౌంటర్లో కూచునేది ఈవిడే. పొద్దున తుడిచిన గాజు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు."

కలం ఆగింది. "అయితే ఈమె పొగ తాగినట్టే" అందావిడ. తమ దేశంలోనూ పెద్ద రోడ్ల పక్క ఉండేవాళ్ల గుండెలూ ఊపిరితిత్తులూ దెబ్బతింటున్నాయట. "ఎవరి మరణపత్రం మీదా 'గాలి' అని రాయం. దేశం మొత్తాన్ని కలిపి చూస్తేనే అది కనపడుతుంది." కలం పక్కన పెట్టి, "ఆ ఇంటికి మాత్రం వెళ్లమనలేను" అంది.

తెలుగులోకి మార్చి చెప్పాల్సిన పని లేకపోయింది. సరోజ లేచి శాలువా కప్పుకుంది.

నాలుగున్నరకే చీకటి పడింది. స్టేషన్ దారి పొడుగునా చిమ్నీల్లోంచి కట్టెల పొగ. ఊరి గాలిని మెచ్చుకునే బోర్డు దగ్గర సరోజ ఆగి, దాన్నే పట్టుకుని దగ్గింది. ఊరు అందమైనదే, వెళ్లి చూడండి. చలికాలం మాత్రం వద్దు.

తిరుగు రైల్లో సరోజ కిటికీ పక్కకు జరిగి కూచుంది. నూరెంబర్గ్ దాటాక, కిటికీ వైపు తిరిగే అంది:

"జన్మంతా కోతలు కోశారు. ఈ ఒక్క పూటా నన్ను ఆ మామిడితోటలో ఉండనివ్వకపోయారా?"