నూటనాలుగో గడి

మొన్న మా మనవరాలు మూలకాల పట్టిక పెద్దది కొని తెచ్చి, పటమటలో మా ఇంటి ముందుగదిలో, సరిగ్గా నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడకు అంటించింది. రంగు లేచిపోతుందే అని నేను గొణుగుతూనే ఉన్నాను, అది వింటేనా! ఒకటి నుంచి నూటపద్దెనిమిది దాకా ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా పట్టిక నిండుగా ఉంది. మా రోజుల్లో కాలేజీ గోడకు వేలాడిన పట్టిక నూటమూడుతో ఆగిపోయేది. ఆ పక్కన ఎవరో పెన్సిలుతో నూటనాలుగు అని రాసి, పేరు రాయకుండా వదిలేశారు. ఇప్పుడు కాఫీ తాగుతున్నా, పేపరు చూస్తున్నా నా కళ్ళు తిరిగి తిరిగి ఆ గడి దగ్గరికే పోతున్నాయి. ఈ వయసులో నాకిదొక శిక్ష.

డెబ్బైల్లో నేను బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో పాఠమంటే నోట్సు. మేం చదివి చెబుతుంటే పిల్లలు తలెత్తకుండా రాసుకునేవాళ్ళు, రాసుకున్నది బట్టీ పట్టేవాళ్ళు, పరీక్షలో కామా కూడా పోకుండా దించేవాళ్ళు. నేను చెప్పే నోట్సయినా నాదా ఏమిటి! గుంటూరులో నాకు చదువు చెప్పిన గురువుగారిది. ఆడపిల్లకు ఎమ్మెస్సీ ఎందుకని మా నాన్నగారు మొండికేస్తే, మా ఇంటికి మూడుసార్లు వచ్చి, మా వసారాలో కూర్చుని, బతిమాలి, కోప్పడి, చివరికి నన్ను వాల్తేరు యూనివర్సిటీకి రైలెక్కించిన మనిషి ఆయన. ఆయన నోట్సు నేను గుండ్రని అక్షరాలతో ఎత్తి రాసుకుని, అట్ట వేసుకుని, ఏటా మొదటి పాఠం రోజున కళ్ళకద్దుకుని తెరిచేదాన్ని.

ఆ నోట్సులో ఒక వాక్యం ఉండేది. నూటమూడు తరువాత మానవుడు తయారుచేయు మూలకములన్నియు ఆక్టినైడుల ధర్మములనే కలిగియుండును, అని. యురేనియం దాటాక ప్రయోగశాలల్లో పుట్టించిన బరువైన మూలకాల్లో మొదటివి పట్టిక అడుగున విడిగా ఒక వరసలో ఉంటాయి, వాటినే ఆక్టినైడ్లంటారు. ఆ వరస నూటమూడుతో నిండిపోతుంది. మరి నూటనాలుగు ఎక్కడ కూర్చోవాలి? పెళ్ళిభోజనాల్లో ఒక బంతి నిండాక వచ్చినవాణ్ణి అదే బంతిలో ఇరికించం కదా. అది పైకి వెళ్ళి హాఫ్నియం అనే లోహం కింద కూర్చోవాలి, గుణాలూ హాఫ్నియం గుణాలే రావాలి. ఈ మాత్రం ఆలోచన నాకు తట్టలేదు. పదేళ్ళ కిందట గురువుగారు రాసిన వాక్యాన్ని ఏటా అలాగే చదువుతూ పోయాను.

తట్టింది గుణదల నుంచి వచ్చే ఒక అమ్మాయికి. బీఎస్సీ ఆఖరి సంవత్సరం, తండ్రి ఆసుపత్రిలో కాంపౌండరు. వాల్తేరులో ఎమ్మెస్సీ సీటు వస్తే పంపిస్తాను, రాకపోతే టీచరు ట్రైనింగేనని ఆయన ముందే చెప్పేశాడట. ఆ పిల్ల చవగ్గా దొరికే రష్యా పుస్తకాలు కొని చదివేది. పరీక్షలింకా పదిహేను రోజులున్నాయనగా ఒక మధ్యాహ్నం లాబ్ వెనక గదిలోకి వచ్చి, "మన నోట్సుకీ దీనికీ తేడా వస్తోందండీ మేడమ్" అని ఆ పుస్తకం నా ముందు పెట్టింది.

చదివాను. నూటనాలుగో మూలకం పరమాణువులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని పుడతాయట, పుట్టినవి పుట్టినట్టే నశించిపోతాయట. ఆ కాస్త వ్యవధిలోనే వాటిని క్లోరైడుగా మార్చి వేడి గొట్టంలోకి పంపారు. ఆక్టినైడ్ల క్లోరైడ్లు గొట్టానికి అంటుకుపోతే, ఇది హాఫ్నియం క్లోరైడులాగే ఆవిరై అవతలికి వెళ్ళిపోయింది. ఆ మూలకానికి రష్యావాళ్ళొక పేరు, అమెరికావాళ్ళొక పేరు పెట్టి పోట్లాడుకుంటున్నా, దాని స్వభావం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. చదువుతుంటే నా ఒళ్ళు ఝల్లుమంది. సంతోషంతో అనుకునేరు, కాదు, భయంతో. నువ్వన్నదే నిజమమ్మా అన్నాను. ఆ ఒక్కమాటతో ఆగి ఉంటే ఎంత బావుండేది! పరీక్షలో మాత్రం నోట్సులో ఉన్నట్టే రాయి, మనకెందుకు గొడవ అని కూడా అన్నాను. ఆ పిల్ల పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.

ప్రాక్టికల్స్‌కి బయటి కాలేజీ నుంచి పరీక్షకులు వచ్చేవారు. ఆ ఏడు వచ్చింది ఎవరనుకున్నారు, మా గురువుగారే! నా సంబరం ఇంతా అంతా కాదు. ఇంటి నుంచి కేరియర్ తెప్పించాను, కుర్చీలో దిండు వేయించాను. వైవాలో ఆయన తన నోట్సులోంచే ప్రశ్నలడుగుతూ, పిల్లలు తన వాక్యాలే అప్పజెబుతుంటే తలాడిస్తూ కూర్చున్నారు. గుణదల అమ్మాయి వంతు వచ్చింది. నూటనాలుగో మూలకం ధర్మాలు చెప్పమన్నారు.

"హాఫ్నియంలాగా ఉంటుందండీ" అంది ఆ పిల్ల, మెల్లగానే గానీ తడుముకోకుండా.

ఆయన కళ్ళజోడు తీసి, ఎవరమ్మా నీకు చెప్పిందని అడిగారు. పుస్తకంలో చదివానండీ అంది. నా పేరు చెప్పలేదు. చెప్పొచ్చు కదా, మేడమ్ కూడా నిజమేనన్నారని ఒక్క ముక్క అనొచ్చు కదా. అనకుండా నావైపు చూసిందంతే. నేను చెబుతానన్న నమ్మకంతో చూసింది.

గురువుగారు నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేం చెప్పావు వీళ్ళకి?"

"మీ నోట్సే చెప్పానండీ" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నిజంతో కూడా మనిషి గొంతు కొయ్యొచ్చని నాకు ఆ రోజు దాకా తెలియదు. గురువుగారు సంతోషంగా తలూపి, ఈ కాలం పిల్లలకు చెప్పింది వినే ఓపిక లేదంటూ పదికి రెండు మార్కులు వేశారు. పక్కన నా సంతకం కావాలి. చేశాను.

మూడు మార్కుల తేడాలో ఆ పిల్లకు వాల్తేరు సీటు పోయింది. గురువుగారు చెడ్డవారని మాత్రం అనుకోకండి. నేను నోరు విప్పి, ఈ పుస్తకం చూడండి మాస్టారూ అంటే, కోప్పడి, ఆనక చదివి, మార్కులు దిద్దేవారేమో. ఆ అవకాశం నేను ఆయనకీ ఇవ్వలేదు. ఆయన పోయేదాకా మరో నాలుగేళ్ళు అదే వాక్యం చదివి చెప్పాను. పోయిన తర్వాత ఎర్ర సిరాతో కొట్టేశాను, ఏం లాభం!

చాలా ఏళ్ళ తర్వాత ఏలూరు వెళుతుంటే హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి, నమస్కారం మేడమ్ అంటూ ఒకావిడ నా పక్కన కూర్చుంది. తనే. అక్కడికి దగ్గర్లోనే హైస్కూల్లో సైన్సు టీచరట. మీ ఆరోగ్యం ఎలా ఉందండీ అని అడిగింది, సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చింది. అడగనా, ఆ రోజు సంగతి ఎత్తనా అని నేను నోట్లోనే నానుస్తుండగా తన ఊరు వచ్చేసింది. దిగబోతూ, "ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉందండీ" అని నవ్వింది. తప్పయిపోయిందమ్మా అని నేననేసరికి బస్సు కదిలిపోయింది. జామకాయలు తినలేక కండక్టరుకి ఇచ్చేశాను.

ఇప్పటి చదువులే వేరు. నూటపద్దెనిమిదో మూలకం హీలియం కింది నిలువు వరసలో ఉన్నా వాయువు కాకపోవచ్చునట. వరస చూసి స్వభావం చెప్పేయకూడదని మా మనవరాలు నాకే పాఠం చెబుతుంది. నేనేదన్నా అంటే చాలు, తప్పు అమ్మమ్మా అని ఫోన్లో వెతికి నా మొహం ముందు పెడుతుంది. వాళ్ళమ్మ కసురుతుంది గానీ, నాకు మాత్రం ఆ మాట వినడం ఎంతో ఇష్టం. మా కాలంలో మేం ఎవరమూ ఆ మాట అనలేకపోయాం.

నిన్న సాయంత్రం పట్టిక ముందు నిలబడి, నూటనాలుగు ఎలాంటిదో మీ రోజుల్లో తెలుసా అమ్మమ్మా అని అడిగింది. ఇప్పుడైనా చెప్పేద్దామనే నోరు తెరిచాను. లేదే, అప్పటికింకా ఎవరికీ తెలియదు, అన్నాను.

దాని చేతిలో ఫోనుంది. ఈ ఒక్కటీ మాత్రం వెతికి చూసుకోలేదు. అమ్మమ్మ చెప్పింది కదా అని నమ్మేసింది.